ఎందుకొచ్చారని డాక్టరు అడిగితే...

ఈమధ్య పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే చోట ఒక ఉద్యోగం పేరు తరచుగా వినిపిస్తోంది. "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అంటే, "హైదరాబాదులో మెడికల్ కోడింగ్" అంటారు. అడిగినవాళ్ళు తలూపి, "కంప్యూటరు ఉద్యోగమన్నమాట!" అని తేల్చేస్తారు. ఆసుపత్రిలో రికార్డులు సర్దే పని అనుకునేవాళ్ళు కొందరు, సగం డాక్టరీ అనుకునేవాళ్ళు కొందరు. కన్నతల్లిని అడిగినా, పిల్ల పొద్దుట్నించి సాయంత్రం దాకా ఆ తెర ముందు కూర్చుని ఏం చేస్తుందో సరిగ్గా చెప్పలేదు. బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ, నర్సింగు చదివి, అమీర్‌పేటలో నాలుగు నెలలు కోర్సు చేసి, ఈ పనిలో చేరిన ఆడపిల్లలు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు.

మా ఆడపడుచు కూతురు ఆరేళ్ళుగా ఈ పనిలోనే ఉంది. అందులోనూ తనది కళ్ళ విభాగం. అమెరికాలో ఎవరో ఒకావిడ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తే, ఆ డాక్టరు రాసిన నోట్సు ఇక్కడ మా అమ్మాయి ముందుకొస్తుంది. అది చదివి, అక్కడ జరిగినదానికి సరిపోయే అయిదంకెల కోడు ఎంచి పెట్టాలి. దాన్నిబట్టే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బిస్తారు, లేదా ఆ ఇల్లాలే కట్టుకుంటుంది.

కిందటేడు న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలికి సరిగ్గా అలాంటి బిల్లే వచ్చింది. మూడొందల డాలర్ల పైచిలుకు. ఒక పక్క బిల్లు చేత్తో పట్టుకున్న చెల్లెలు, ఇంకో పక్క అలాంటి బిల్లులకి కోడ్లు ఎంచే మేనకోడలు. ఇద్దరి మధ్యా ఫోన్లు కలిపి నేను తెలుసుకున్న సంగతులివి. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులకీ, ఈ ఉద్యోగంలో చేరదామనుకునే అమ్మాయిలకీ పనికొస్తాయని రాస్తున్నాను.

మనకి లేని లెక్క

మన ఊళ్ళో కంటి ఆసుపత్రికి వెళితే లెక్క తేలిక. కౌంటర్లో డబ్బు కట్టి ఓపీ చీటీ రాయించుకుంటాం. డాక్టరు అయిదు నిమిషాలు చూసినా, అరగంట చూసినా చీటీ ధర మారదు. పరీక్షలుంటే వాటికి వేరే కడతాం. మన ఆరోగ్య పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే పలుకుతాయి కనుక ఈ ఖర్చు మన పర్సులోదే. అక్కడితో కథ ముగుస్తుంది.

అమెరికాలో డబ్బిచ్చేది చాలావరకు ఇన్సూరెన్సు. వాళ్ళు డాక్టరుగారి గదిలో లేరు కదా! అందుకని రెండు ప్రశ్నలడుగుతారు. ఏం చేశారు? ఎందుకు చేశారు? రెంటికీ జవాబు మాటల్లో కాదు, కోడ్లలో ఇవ్వాలి.

ఏం చేశారో చెప్పే కోడ్లని సీపీటీ అంటారు. ఈ పుస్తకాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదటిసారి తెచ్చింది. ఇప్పటికీ ఏటేటా సవరిస్తూనే ఉంది. ఎందుకు చేశారో, అంటే జబ్బేమిటో చెప్పేవి ఐసీడీ-10 కోడ్లు. ఇవి అమెరికాలో 2015 అక్టోబరు 1 నించి అమల్లోకొచ్చాయి. సుమారు 70 వేలున్నాయి. అన్నెందుకయ్యా అంటే, శుక్లాల్లో ఒక రకానికి కుడికన్నయితే హెచ్25.11, ఎడమకన్నయితే హెచ్25.12, రెండు కళ్ళూ అయితే హెచ్25.13. కుడి ఎడమలు తారుమారైతే బిల్లు తిరుగుటపాలో వచ్చేస్తుంది.

కంటి డాక్టరుకి రెండు దారులు

మిగతా డాక్టర్లకి, మామూలుగా రోగిని చూసి పంపడానికి 99తో మొదలయ్యే కోడ్లే గతి. కంటి డాక్టర్లకి మాత్రం వాటితో పాటు 92తో మొదలయ్యే సొంత కోడ్లు కూడా ఉన్నాయి. మా మేనకోడలి పనిలో సగం బుర్ర ఈ రెండు దారుల్లో ఏది పట్టాలో తేల్చుకోడానికే ఖర్చవుతుందట.

92 దారిలో ఉన్నవి నాలుగే. కొత్త రోగికి 92002, 92004. పాత రోగికి 92012, 92014. ప్రతి జతలోనూ మొదటిది మధ్యరకం పరీక్ష, రెండోది సమగ్ర పరీక్ష.

"కొత్త" అనడానికీ లెక్కుంది. ఆ డాక్టరు గానీ, అదే క్లినిక్కులో అదే విభాగానికి చెందిన ఇంకో డాక్టరు గానీ గత మూడేళ్ళలో చూసి ఉండకపోతేనే కొత్త రోగి. "ఈ డాక్టరుగారు నాకు కొత్త" అని మనమనుకున్నా, ఆయన పక్క గదిలో ఉండే ఆవిడ రెండేళ్ళ కిందట చూసి ఉంటే మనం పాతవాళ్ళమే.

సమగ్ర పరీక్ష అనాలంటే ఏమేం ఉండాలి? రోగి చెప్పిన విషయాలు, ఒంటి పరిస్థితి, కంటి పైభాగం, లోపలి రెటీనా, పక్కచూపు, రెండు కళ్ళూ కలిసి కదిలే తీరు. అంటే చూపు వ్యవస్థనంతా చూసినట్టుండాలి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూడడం, కంటి ప్రెషర్ కొలవడం, స్లిట్ ల్యాంపు కింద చూడడం కూడా అవసరాన్నిబట్టి తరచుగా ఉంటాయి. చుక్కలు వేసి తీరాలని సీపీటీ పుస్తకంలో లేకపోయినా, కొన్ని ఇన్సూరెన్సులు పట్టుబడతాయట. చూడ్డంతో అయిపోదు. ఏం వైద్యం మొదలెట్టారో, ఏది కొనసాగించమన్నారో, ఏ పరీక్ష చేయించుకోమన్నారో కూడా రాయాలి.

"అత్తయ్యా, డాక్టరుగారు అన్నీ చూసే ఉంటారు. కానీ పక్కచూపు సంగతి రాయడం మర్చిపోతే నా లెక్కలో ఆయన చూడనట్టే. సమగ్రం కాస్తా మధ్యరకమైపోతుంది" అంటుంది మా అమ్మాయి. రాయనిది జరగనట్టే అన్నది వాళ్ళ పనిలో మొదటి పాఠం.

99 దారి

ఈ దారిలో కొత్త రోగికి 99202 నించి 99205 దాకా నాలుగు మెట్లు. పాత రోగికి 99211 నించి 99215 దాకా అయిదు. వీటిలో 99211 డాక్టరు స్వయంగా చూడక్కర్లేని చిన్న పనికి.

2021కి ముందు ఇక్కడ కూడా ఏమేం అడిగారు, ఒంట్లో ఎన్ని భాగాలు చూశారు అని లెక్కపెట్టేవారు. దాంతో డాక్టర్లు అవసరం ఉన్నా లేకపోయినా పేజీలకి పేజీలు నింపేవారట. 2021 జనవరి 1 నించి ఆ పద్ధతి పోయింది. కొత్త రోగి మెట్లలో అంతకుముందున్న 99201 కూడా అప్పుడే పోయింది. ఇప్పుడు రెండే ఆధారాలు. డాక్టరు ఎంత కష్టమైన నిర్ణయం తీసుకున్నారన్నది ఒకటి. ఆ రోజు ఆ రోగి కోసం ఎంత సమయం పెట్టారన్నది రెండోది. ఏదో ఒకటి పట్టుకుంటే చాలు.

సమయం లెక్కయితే పాత రోగికి 99213కి కనీసం 20 నిమిషాలు, 99214కి 30, 99215కి 40. కొత్త రోగికి 99203కి 30, 99204కి 45, 99205కి 60. ఇది డాక్టరు పెట్టిన సమయమే సుమా! చుక్కలు వేయించుకుని వరండాలో కళ్ళు మూసుకుని కూర్చున్న అరగంటా ఇందులోకి రాదు. నర్సు మాట్లాడిన సమయమూ రాదు. 92 దారిలో అయితే గడియారంతో పనే లేదు.

నిర్ణయం కష్టాన్ని మూడు రకాలుగా తూస్తారు. సమస్య ఎంత పెద్దది, ఎన్ని రిపోర్టులు చూడాల్సొచ్చింది, వైద్యంలో ప్రమాదమెంత. మూడింట్లో రెండు ఏ మెట్టుకి చేరితే ఆ మెట్టు.

దీనికి మా అమ్మాయి చెప్పిన ఉదాహరణ చూడండి. పాత రోగి ఒకరు కళ్ళకలకతో వచ్చారు. డాక్టరు చూసి, చుక్కల మందు రాశారు. మందు రాయడమంటే ప్రమాదం లెక్కలో మధ్యమెట్టు, అది 99214 మెట్టు. కానీ కళ్ళకలక చిన్న సమస్య. చూడవలసిన రిపోర్టులూ లేవు. కాబట్టి మూడింట్లో రెండు నిలబడేది 99213 దగ్గరే. "మందు రాశారుగా అని కొత్తగా చేరిన పిల్లలు 99214 పెట్టేస్తుంటారు" అని నవ్వుతుంది.

అదే నీటికాసుల జబ్బున్నావిడ వచ్చిందనుకోండి. ప్రెషరు ఉండవలసిన దానికంటె ఎక్కువుంది. డాక్టరు వేసే చుక్కల మందు మార్చారు. దీర్ఘకాలపు జబ్బు అదుపులో లేదు, మందూ మార్చారు. రెండూ మధ్యమెట్టే. 99214 నిలబడుతుంది.

ఒకే రాకకి రెండు దారులూ సరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి. ఆ కళ్ళకలక రోగికే నోట్సు సరిగ్గా ఉంటే 92012 కూడా పెట్టచ్చు. అలాంటప్పుడు క్లినిక్కుకి ఎక్కువ వచ్చేది ఎంచుకోవడం తప్పేమీ కాదు. నోట్సులో లేనిదాన్ని ఉన్నట్టు ఎంచితేనే తప్పు.

అసలు మెలిక ఇక్కడుంది

ఇంతవరకూ చెప్పింది డాక్టరుగారి తలనొప్పి. ఇల్లాలికి తగిలే దెబ్బ ఇంకోచోట ఉంది.

అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్ళకి చాలామందికి రెండు వేరువేరు రక్షణలుంటాయి. ఒకటి మామూలు ఆరోగ్య ఇన్సూరెన్సు. ఇది జబ్బుకి. రెండోది విజన్ ప్లాన్. ఇది ఏడాదికోసారి చూపు పరీక్షకీ, కళ్ళజోడుకీ. విజన్ ప్లాన్ కింద వెళితే సాధారణంగా కొద్ది డాలర్లతో పని అయిపోతుంది. ఆరోగ్య ఇన్సూరెన్సు కింద వెళితే, ఏటా ఇంత మొత్తం ముందు మీరే భరించాలన్న షరతు ఒకటుంటుంది. దాన్నే డిడక్టిబుల్ అంటారు. అది తీరేదాకా డాక్టరు బిల్లు చాలా పాలసీల్లో మన నెత్తినే.

మరి ఒక రాక దేని కిందకొస్తుంది? కళ్ళజోడు కిందకా, కంటిజబ్బు కిందకా? లోపలికెళ్ళాక డాక్టరుకి ఏం కనపడిందన్నది ముఖ్యం కాదు. మనం ఎందుకు వెళ్ళామన్నది ముఖ్యం. 65 దాటినవాళ్ళకి అమెరికా ప్రభుత్వం నడిపే మెడికేర్ నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. కంట్లో ఏదో బాధ ఉందని వెళ్ళినావిడకి చివరికి కళ్ళజోడు మాత్రమే రాసినా ఆ పరీక్షకి మెడికేర్ వర్తిస్తుంది. ఏ బాధా లేదు, ఊరికే చూపించుకుందామని వెళ్ళినావిడకి లోపల జబ్బు బయటపడినా, ఆ రోజు పరీక్షకి వర్తించదు. ప్రైవేటు ఇన్సూరెన్సుల్లో ఎవరి షరతులు వాళ్ళవే అయినా, చాలాచోట్ల చూసేది ఈ కారణాన్నే.

అందుకే డాక్టరు నోట్సులో మొట్టమొదటి వాక్యం రోగి ఎందుకొచ్చిందో చెప్పేది. మా మేనకోడలు ముందు చదివేది అదే.

మా చెల్లెలి సంగతి

మా చెల్లెలు వెళ్ళింది ఏడాదికోసారి చేయించుకునే పరీక్షకి. కళ్ళజోడు మార్చుకుందామని వెళ్ళింది. విజన్ ప్లాన్ కార్డు ఇచ్చింది. అంతా అయిపోవస్తుండగా డాక్టరుగారు "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగితే, "సాయంత్రాలు కళ్ళు కొంచెం మండుతుంటాయి" అంది. ఆయన చూసి, కళ్ళు పొడిబారుతున్నాయని చెప్పి, చుక్కలు వాడమన్నారు. మంచి డాక్టరే, మంచి మాటే.

నెల తర్వాత బిల్లు వచ్చింది. కళ్ళు పొడిబారిన జబ్బు కోడుతో 92004 పెట్టి ఆరోగ్య ఇన్సూరెన్సుకి పంపారు. డిడక్టిబుల్ తీరలేదు కనుక మొత్తం చెల్లెలి మీద పడింది. అదికాక అద్దాల పవరు చూసినందుకు 92015 అని ఇంకో కోడు. "అక్కా, నేనేమైనా జబ్బుతో వెళ్ళానా? ఒక మాట నోరు జారినందుకు ఇంత బిల్లా?" అని దాని బాధ. ఆ నెల పిల్లాడి ఈత క్లాసుకి దాచిన డబ్బది.

మా మేనకోడల్ని అడిగాను. తను మొదట అన్న మాట నాకు నచ్చింది. "అత్తయ్యా, నోట్సు చూడకుండా తప్పు ఒప్పు చెప్పకూడదు. పిన్ని నిజంగా మంటతోనే వెళ్ళి ఉంటే ఆ కోడు సరైనదే. ముందు నోట్సు అడిగి తెప్పించుకోమనండి."

తన దగ్గరున్న రోగుల కాగితాలు మాత్రం ఒక్కటి కూడా చూపించదు, పేరూ చెప్పదు. రోగుల వివరాలు బయటపెట్టకూడదని అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం ఉంది. వీళ్ళ ఆఫీసులోకి సెల్‌ఫోను తీసుకెళ్ళనివ్వరు, కాగితం ముక్క కూడా ఉండకూడదు.

చెల్లెలు నోట్సు తెప్పించుకుంది. మొదటి వాక్యం "ఏడాది పరీక్షకి, కళ్ళజోడు మార్చుకోడానికి వచ్చారు" అనే ఉంది. మంట సంగతి చివర్లో ఉంది. అది చూపించి, మళ్ళీ ఒకసారి పరిశీలించమని క్లినిక్కుకి ఉత్తరం రాసింది. గొడవపడలేదు, అరవలేదు. వాళ్ళు చూసి, ఆ రాకని మామూలు చూపు పరీక్షగా మార్చి విజన్ ప్లాన్‌కి పంపారు. చివరికి ఇరవై డాలర్లతో సరిపోయింది. కళ్ళ మంటకి ఇంకోరోజు విడిగా రమ్మన్నారు. ఈసారి ఎంతవుతుందో ముందే అడిగి వెళ్ళింది.

నన్నడిగితే, ఆ కోడు కంటె బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. "అమ్మా, దీనికి విడిగా వైద్యం మొదలుపెడితే ఇది ఆరోగ్య ఇన్సూరెన్సు కిందకెళ్తుంది, ఇష్టమేనా?" అని కౌంటర్లో ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది.

"ఏం లేదమ్మా, ఊరికే!"

చెల్లెలిది ఒక రకం. వాళ్ళత్తగారిది రెండో రకం. ఆవిడకి గ్రీన్‌కార్డు వచ్చి చాలా ఏళ్ళయింది, మెడికేర్ ఉంది. కొన్ని నెలలుగా రాత్రిపూట ఎదురుగా వచ్చే కారు దీపాలు చెదిరిపోయినట్టు కనపడుతున్నాయి. దేవుడి పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్తేగానీ చదవలేకపోతున్నారు. అయినా డాక్టరుగారు "ఎందుకొచ్చారు?" అంటే ఆవిడ అనే మాట, "ఏం లేదు బాబూ, బానే ఉంది, ఊరికే చూపించుకుందామని."

ఈ మాట మనందరికీ తెలిసిందే కదూ! మన తల్లులూ, అత్తలూ డాక్టరు ముందు కూర్చోగానే బాధంతా మింగేస్తారు. ఎదుటివాళ్ళకి శ్రమ ఇవ్వకూడదని, చాడీలు చెప్పినట్టుంటుందని, కొడుకు జేబు బరువని. మన ఊళ్ళో అయితే ఈ మొహమాటానికి వైద్యంలో నష్టం. అమెరికాలో డబ్బులో కూడా నష్టం. నోట్సులో "ఏ ఫిర్యాదూ లేదు" అని పడిందంటే, శుక్లం బయటపడినా ఆ రోజు బిల్లు ఇంటి మీదే.

చెల్లెలికి ఇది ముందే తెలిసింది కనుక, అత్తగారి దగ్గర కూర్చుని ఒక కాగితం మీద రాయించింది. ఎప్పట్నించి, ఏ కంటికి, ఏ పని చెయ్యలేకపోతున్నారు అని. అన్నీ నిజాలే. డాక్టరు ఆ కాగితం చదివి, శుక్లమని తేల్చారు. ఆ పరీక్షకి మెడికేర్ వర్తించింది. అద్దాల పవరు చూసే 92015కి మాత్రం మెడికేర్ ఎప్పుడూ ఇవ్వదు, అది చేతి డబ్బే.

ఇంకో ముఖ్యమైన సంగతి. షుగరున్నవాళ్ళు కంట్లో ఏ బాధా లేకపోయినా ఆ మాట చెప్పి తీరాలి. షుగరు వల్ల రెటీనా దెబ్బతింటోందేమో చూడ్డానికి ఏడాదికోసారి మెడికేర్ వర్తిస్తుంది. నీటికాసుల పరీక్షకి కూడా, షుగరున్నవాళ్ళకీ, ఇంట్లో ఆ జబ్బున్నవాళ్ళకీ ఏడాదికోసారి అవకాశముంది. ఈ రెంటికీ డిడక్టిబుల్ పోను మిగతాదాంట్లో అయిదోవంతు మనం పెట్టుకోవాలి. షుగరు మాట దాచుకుంటే అది "ఊరికే వచ్చిన" లెక్కలో పడిపోతుంది.

అలాగని లేని జబ్బు చెప్పి బిల్లు దాటేయడం మాత్రం పనికిరాదు. అది మోసం కిందకొస్తుంది. ప్రభుత్వాన్ని తప్పుడు లెక్కలతో మోసం చేసేవాళ్ళ మీద అమెరికాలో 1863లో, లింకన్ కాలంలోనే చట్టం వచ్చింది. ఇవాళ డాక్టర్ల తప్పుడు బిల్లులకీ అదే వాడుతున్నారు.

తెర ముందు కూర్చున్న పిల్ల

ఇంత బరువు మోసేది ఆ తెర ముందు కూర్చున్న పిల్ల. రోజుకిన్ని నోట్సులు పూర్తి చెయ్యాలన్న లెక్కుంటుంది. చేసినవాటిలో వందకి 95 పైన తప్పుల్లేకుండా ఉండాలి. పై మెట్టు కోడు పెడితే రోగి జేబుకి చిల్లు, క్లినిక్కుకి తనిఖీ భయం. భయపడి కింది మెట్టు పెడితే, నిజంగా కష్టపడిన డాక్టరుకి నష్టం. అదీ తప్పే, జాగ్రత్త కాదు.

"సందేహమొస్తే ఏం చేస్తావే?" అని అడిగాను.

"ఊహించకూడదత్తయ్యా. డాక్టరుకి ప్రశ్న రాసి పంపాలి. అది కూడా 'మీరు పక్కచూపు చూశారని రాయండి' అని కాదు. 'పక్కచూపు పరీక్ష సంగతి నోట్సులో లేదు, జరిగిందా?' అని. జవాబు మనం నోట్లో పెట్టకూడదు. ప్రశ్న పంపితే ఆ నోట్సు పక్కనుండిపోతుంది, ఆ రోజు నా లెక్క తగ్గుతుంది. అయినా సరే పంపాలి."

ఆ చివరి మాటే నాకు ఈ ఉద్యోగం గురించి అన్నిటికంటె బాగా చెప్పింది. కోర్సులో చేరేముందు అమ్మాయిలు జీతమెంత అని అడుగుతారు. అడగాల్సిందే. దానితో పాటు, లెక్క తగ్గినా ప్రశ్న పంపే ఓపిక నాకుందా అని కూడా అడుగుకోవాలి. శరీర నిర్మాణం, జబ్బుల పేర్లు తెలిసుండాలి. ఏటా జనవరిలో సీపీటీ, అక్టోబరులో ఐసీడీ మారతాయి, మళ్ళీ మళ్ళీ చదవాలి. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా చదువు మానకూడని ఉద్యోగమిది. ఇంటి నించి చేసే వీలు కొన్నిచోట్ల ఉండడం మన ఆడపిల్లలకి పెద్ద ఊరట.

గుర్తుపెట్టుకోవలసినవి

* అమెరికాలో పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్ళే తల్లిదండ్రులు ఇక్కడే కళ్ళు చూపించుకుని, అదనంగా ఒక కళ్ళజోడు పట్టుకెళ్ళడం మంచిది. విజిటర్ల పాలసీలు సాధారణంగా మామూలు చూపు పరీక్షకి పలకవు. పాత చీటీలు, వాడే చుక్కల పేర్లు దగ్గరుంచుకోండి.

* అక్కడ అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "ఇది విజన్ ప్లాన్ కిందా, ఆరోగ్య ఇన్సూరెన్సు కిందా?" అని అడగమనండి. అద్దాల పవరు చూసినందుకు విడిగా ఎంతో కూడా అడగాలి.

* ఇన్సూరెన్సు లేనివాళ్ళు, సొంత డబ్బు కట్టేవాళ్ళు ఖర్చు అంచనా ముందుగా రాతపూర్వకంగా అడగచ్చు. 2022 జనవరి 1 నించి అది వాళ్ళ హక్కు.

* పవరు పరీక్ష అయిపోగానే కళ్ళజోడు చీటీ విడిగా డబ్బు తీసుకోకుండా చేతికివ్వాలి. అక్కడే కళ్ళజోడు కొనాలన్న నిర్బంధం లేదు.

* ఎందుకొచ్చారని అడిగితే అసలు కారణం మొదట చెప్పండి. కళ్ళజోడుకైతే కళ్ళజోడుకని, బాధ ఉంటే బాధ ఉందని. షుగరు, బీపీ, ఇంట్లో ఎవరికైనా నీటికాసులుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

* బిల్లు చూసి భయపడి వెంటనే కట్టెయ్యద్దు, చించి పారెయ్యద్దు. కోడ్లతో సహా పూర్తి బిల్లు, ఆనాటి నోట్సు అడిగి తీసుకోండి. కొత్త రోగి అని 92004 పెడితే, మూడేళ్ళలోపు అక్కడికి వెళ్ళారేమో చూసుకోండి. అనుమానముంటే మర్యాదగా రాసి అడగండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ ఇంకో మెట్టు ఉంది. మనం చెప్పందే డాక్టరు రాయలేడు. డాక్టరు రాయందే హైదరాబాదులో కూర్చున్న పిల్ల సరైన కోడు పెట్టలేదు. మొహమాటపడి మనం మింగేసిన ఒక్కమాట అంతదూరం ప్రయాణం చేసి, బిల్లు రూపంలో మన ఇంటికే తిరిగొస్తుంది. కాబట్టి ఈసారి ఏ డాక్టరుగారు "ఎందుకొచ్చారమ్మా?" అన్నా, "ఏం లేదు, ఊరికే" అనకండి.